ఆకాశమునుండి పడిన ఇనుము



నేను బడిపంతులుగా నున్న దినములలో ఏటికి ఒకరిద్దరైనను నల్లని బరువైన రాతిని కండువాలో మూటగట్టి తెచ్చి, "పంతులుగారూ, ఇది మా చేనిలో దొరికిన పిడుగురాయి; దీని గుణమేమి, వెల యేమి?" అని అడుగుచుండెడివారు. నేరేడుచర్ల చుట్టుపట్ల పల్లెలనుండియే గాక మిర్యాలగూడ, కోదాడ వైపులనుండియు అట్టి మూటలు వచ్చినవి. వానిలో ఆకాశమునుండి పడినది ఒక్కటియు లేదు. అయినను ఆ ప్రశ్న వెఱ్ఱిప్రశ్న గాదు. ఆకాశమునుండి ఇనుము పడుట సత్యము. మన తెలుగునేలమీదనే, పార్వతీపురము చెంత నొక పల్లెలో, 1870వ సంవత్సరమున అట్టి ఇనుపముద్ద యొకటి పడినది. నూటయేబది యేండ్లు గడచిన పిమ్మట ఆ ముద్దలోని ముక్క యొకటి, సూర్యకుటుంబపు బాల్యమును గూర్చి అంతవఱకు ఏ ఉల్కయు చెప్పని సంగతిని చెప్పినది. ఆ ముద్ద కొలిమికి పోయి కొడవలియో గునపమో అయియుండినచో ఆ సంగతి ఎవరికిని దక్కెడిది కాదు. ఇట్టి ఇనుము ఎట్లు దొరకును, ఎవరిచేత పడును, ఎట్లు నిలుచును అనునదియే నేటి ప్రసంగవిషయము.

మొదట మాటలను వేఱుచేసికొందము. పిడుగనగా మేఘములలోని విద్యుత్తు భూమికి దిగుట. దాని వెంట రాయి గాని ఇనుము గాని రాదు. పొలము దున్నునపుడు బయల్పడు నున్నని రాతిగొడ్డళ్ళను పిడుగురాళ్ళని పిలిచి చెట్టుక్రింద నుంచి పూజించు వాడుక దక్కనునందు పలుచోట్ల కలదు. అవి ఇనుము నెఱుగని కాలపు మనుష్యులు నూరి చేసికొన్న పనిముట్లు. కృష్ణకు ఆవలనున్న పిడుగురాళ్ళ పట్టణము పేరులోను ఈ మాటయే నిలిచియున్నది. అయినను ఆ ఊరికి పేరు తెచ్చినవి సున్నపు బట్టీలే గాని ఉల్కలు గావు.

ఉల్కల మాట మన పూర్వులకు క్రొత్త గాదు. వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఉల్కలకై ఒక అధ్యాయమును ప్రత్యేకించి, ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని అయిదు భేదములు చెప్పెను. స్వర్గమున శుభఫలము ననుభవించి జారిపడువారి రూపములివి యని ఆయన వర్ణన. అశని గొప్ప ధ్వనితో, చక్రమువలె తిరుగుచు, నేలను చీల్చుచు పడునట. ఆయన చెప్పిన ఫలములను నమ్ముట నమ్మకపోవుట ఎవరి ఇచ్ఛ వారిది. ధ్వనియు, వెలుగును, నేల చీలుటయు మాత్రము కంటితో చూచినవారు చెప్పగా విని వ్రాసినవే యని నా తలంపు. పండితులు పోట్లాడుకొనుటకు ఇంకను చోటున్నది గాని, దానిని ఇక్కడ పెంచను.

నేటి శాస్త్రజ్ఞులు చెప్పునది యేమనగా: కుజగ్రహమునకును గురుగ్రహమునకును నడుమ అసంఖ్యాకములైన చిన్నగ్రహములు సూర్యుని చుట్టు తిరుగుచున్నవి. అవి ఒకదానితో నొకటి ఢీకొని పగిలినపుడు చెదరిన ముక్కలలో కొన్ని దారితప్పి భూమివైపు వచ్చును. సెకనుకు పది కిలోమీటర్లకు మించిన వేగముతో గాలిలో చొరబడుటచే పైపొర కరిగి ఊడిపోవును. అదియే మనకు కనబడు వెలుగు. కరుగగా మిగిలినది నేలబడును. అట్లు పడినవానిలో రాళ్ళు కలవు, ఇనుపముద్దలు కలవు, రాయియు ఇనుమును పెనవేసికొన్నవియు కలవు. చిన్నగ్రహమొకటి పూర్వము కరిగి, బరువైన లోహము నడుమకు దిగి, తేలికయైన రాయి పైకి తేలినది. అట్టి గ్రహము పగిలినపుడు దాని నడిగుండె ముక్కలే ఇనుప ఉల్కలు. మనము నిలిచియున్న ఈ భూమికిని నడుమ ఇనుపగుండె కలదు, కాని అంతలోతునకు త్రవ్వి చూడగల మానవుడు లేడు. కనుక మరియొక గ్రహపు గుండెను చేతబట్టి చూచుటకు ఈ ముద్దలే సాధనములు.

పడుచుండగా చూచి ఏరినవానిలో నూటికి అయిదు మాత్రమే ఇనుపవి. లోకమంతటను అట్లు పడుచుండగా కంటబడి చేతజిక్కిన ఇనుప ఉల్కలు సుమారు 50. తక్కినవి వెయ్యికి పైగా కలవు గాని, అవి ఎన్నడో పడి నేలలో నుండగా తరువాతి వారికి దొరికినవి.

మన దేశమున ఇనుప ఉల్కను సేకరించిన విధమును పూసగ్రుచ్చినట్లు చెప్పిన పాతవ్రాత జహంగీరు పాదుషా తన చరిత్రములో వ్రాసికొన్నది. 1621వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, జలంధరు పరగణాలోని ఒక పల్లెలో ఉదయవేళ తూర్పుదిక్కున భయంకరమైన ధ్వని పుట్టెను. జనులు ప్రాణములు గుప్పిట బట్టుకొనిరి. అంతలో ఒక వెలుగు పైనుండి జాఱి నేలబడి మాయమయ్యెను. ఆ పరగణా ఆమీలు మహమ్మదు సయీదు అనువాడు. సంగతి వినిన వెంటనే అతడు గుఱ్ఱమెక్కి ఆ చోటికి పోయి చూచెను. పది పండ్రెండు గజముల మేర నేల కాలి, గడ్డిపోచ గాని పచ్చదనము గాని మిగులలేదు. అతడు త్రవ్వించెను. త్రవ్వినకొలది వేడి హెచ్చుచుండెను. తుదకు కొలిమినుండి తీసినట్లున్న ఇనుపముద్ద బయల్పడెను. అది చల్లారిన పిమ్మట ఇంటికి కొనిపోయి, సంచిలో నుంచి ముద్రవేసి పాదుషా సన్నిధికి పంపెను.

పాదుషా తన యెదుట తూపించగా 160 తులములు తూగెను. ఉస్తాదు దావూదు అను పనివానిని పిలిపించి దానితో కత్తులు చేయుమనెను. అతడు సమ్మెటతో కొట్టగా అది నిలువక చిట్లిపోయెనట. పిమ్మట ఆ ఇనుము మూడు పాళ్ళు, మామూలు ఇనుము ఒక పాలు కలిపి రెండు ఖడ్గములు, ఒక కటారి, ఒక చాకు చేసి తెచ్చెను. అవి మేలైన ఖడ్గములవలెనే వంగి, తెగగొట్టినవని పాదుషా మెచ్చుకొనెను. వానిలో చాకొకటి నేడు అమెరికాలోని వాషింగ్టను నగరమున, ఫ్రీయరు కళాప్రదర్శనశాలయందు ఉన్నది.

ఈ కథను నేను ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. ఇందు ఇద్దరు మనుష్యులున్నారు. ఆమీలు చేసిన పని చూడుడు: జాగుచేయక పోయెను, చోటు చూచెను, కాలిన మేర ఎంతయో గుర్తించెను, త్రవ్వించెను, ముద్రవేసి పంపెను. ఇప్పటి శాస్త్రజ్ఞుడు పోయినను ఇంతకన్న ఎక్కువ చేయజాలడు. ఆ వేడి సంగతి మాత్రము కొంచెము పెరిగిన మాట కావచ్చును. ఆకాశమున ఉల్క కాలునది కొన్ని సెకనులు మాత్రమే. లోపలి భాగము అంతరిక్షపు చలిని వీడకయే వచ్చును. కనుక వెంటనే తాకి చూచినవారు గోరువెచ్చగానో చల్లగానో ఉన్నదనియే సాధారణముగా చెప్పుదురు. ఇక పాదుషా చేసినది యేమి? ఉన్నదంతయు ఆయుధములకు ఖర్చు చేసెను. ఆ కాలమున అది తప్పని ఎవ్వరు ననలేరు. కాని ఆ ముద్ద పుట్టుపూర్వోత్తరములు కొలిమిలోనే కరిగిపోయినవి.

కొలిమిలో ఏమి కరిగిపోవునో తెలియుటకు మఱి రెండువందల యేండ్లు పట్టినది. యూరపు పండితులు చాలకాలము ఆకాశమునుండి రాళ్ళు పడుటయే కల్లయని పల్లెటూరివారిని పరిహసించిరి. రష్యా దేశపు సైబీరియాలో 1749లో ఒక కమ్మరి కొండపైన ఇనుపముద్ద నొకదానిని కనుగొనెను. మామూలు ఇనుమునకు లేని తెల్లదనమును మెత్తదనమును చూచి అతడు దానిని ఎంతో శ్రమపడి తన ఇంటికి చేర్చెను. సుమారు 700 కిలోల ముద్ద అది. 1772లో పల్లాసు అను పండితుడు దానిని చూచి రాజధానికి పంపించెను. దానినిగూర్చియే 1794లో క్లాడ్ని అను జర్మను పండితుడు ఇట్టి ముద్దలు భూమిపైనివి కావు, ఆకాశమునుండి వచ్చినవి అని గ్రంథము వ్రాసెను. చాలమంది నవ్విరి. అయిదేండ్లు గడువకముందే, 1798 డిసెంబరు 19న, మన కాశీచెంత రాళ్ళు పడినవి. ఆ రాళ్ళును మఱికొన్ని దేశముల రాళ్ళును లండనులో హోవర్డు అను రసాయనవేత్తకు చేరగా, వానిలోని లోహమునందు నికెలు అను ధాతువున్నదని 1802లో ఆయన చూపెను. మన కమ్మరులు కరగించు ఇనుపరాతిలో నికెలు దాదాపు ఉండనే ఉండదు. ఉల్కాలోహమున నూటికి అయిదు పాళ్ళకు తక్కువగా ఉండుట అరుదు. ఆకాశపు ఇనుమునకు ఇదియే పుట్టుమచ్చ.

1808లో వియన్నా నగరమున వీడ్మన్‌స్టాటెను అను నాతడు ఉల్కాలోహపు బిళ్ళను నునుపుచేసి వేడిచేసెను. బిళ్ళపై రంగులతో వాలుగళ్ళ జాలమొకటి తేలినది. ఈతచాప అల్లికవలె పట్టీలు పట్టీలుగా ఒకదాని నొకటి కోసికొనుచు పోవు ఆ జాలము ఏ కమ్మరియు అచ్చు వేయజాలనిది. నికెలు కలిసిన ఇనుము చిన్నగ్రహపు గుండెలో చల్లారునపుడు, ఒక్క డిగ్రీ వేడి తగ్గుటకు వందలు వేలు సంవత్సరములు పట్టును. అంత నిదానముగా చల్లారినప్పుడే ఆ పట్టీలు పెరుగును. ఎఱ్ఱగా కాల్చి సమ్మెటతో రెండు పోటులు వేసినచో కోట్ల సంవత్సరములు పట్టిన ఆ అల్లిక చెదరిపోవును. జహంగీరు కొలిమిలో కరిగిపోయినది ఇదియే.

ఇక నేలలో నుండగా దొరకుటను గూర్చి. ఇందు నాగటికిని కమ్మరికిని దక్కిన కీర్తి పండితులకు దక్కలేదు. రాతి ఉల్క పడిన కొన్ని యేండ్లకు ఎండకు వానకు పగిలి ఊరిరాళ్ళలో కలిసిపోవును. ఇనుపది చాలకాలము నిలుచును, నాగటికఱ్ఱుకు తగిలినప్పుడు ఖంగుమనును. లోకములోకెల్ల పెద్దదియైన ఉల్క, ఆఫ్రికాలోని నమీబియా దేశపు హోబా అనుచోట 1920లో ఒక రైతు దున్నుచుండగా బయల్పడినది. దాని బరువు సుమారు 60 టన్నులు. దానిని కదల్చువారు లేక నేటికిని పడినచోటనే ఉన్నది. రష్యా తూర్పుకొసనున్న సిఖోటె ఆలినిలో 1947 ఫిబ్రవరి 12న పట్టపగలు ఇనుపవాన కురిసినది. పండితులు బృందములుగా అడవిలోనికి పోయి మంచు కరిగిన పిమ్మట గుంటలు త్రవ్వి వేలకొలది ముక్కలను ఏరి తెచ్చిరి.

గట్టుతగాదాలు చూచిన మీకు అమెరికాలోని విల్లమెట్టు ఉల్క కథ రుచించును. 1902లో ఆరెగాను రాష్ట్రమున ఎల్లిసు హ్యూజెసు అనునాతడు తన పొలము ప్రక్కనున్న అడవిలో పెద్ద ఇనుపగుండు చూచెను. పదునైదు టన్నులకు మించిన గుండు. అది పడియున్న నేల ఒక ఇనుపకంపెనీది. ఆతడు నోరు మెదపక, కొయ్యబండి కట్టి, ఒక గుఱ్ఱముతోను తన కొడుకుతోను, దినమునకు కొన్ని అడుగుల చొప్పున సుమారు మూడు నెలలలో దానిని తన పొలములోనికి లాగికొనిపోయెను. పిమ్మట కొట్టము కట్టి చూడవచ్చినవారియొద్ద రుసుము తీసికొనెను. అట్లు చూడవచ్చినవారిలో కంపెనీ పక్షమువాడొకడు బాట గుర్తించెను. వ్యాజ్యము 1905లో రాష్ట్రపు పెద్దన్యాయస్థానము వఱకు పోయి, ఉల్క నేల యజమానిదే యని తీర్పయ్యెను. అంతకుముందు ఎన్ని తరములనుండియో ఆ గుండును పవిత్రముగా నెంచి కొలిచిన అచ్చటి ఆదివాసులను ఆ వ్యాజ్యములో స్వామ్యముగలవారినిగా ఎవరును ఎంచలేదు. న్యూయార్కు ప్రదర్శనశాలకు చేరిన ఆ గుండు చెంత వారు ఏటేట తమ కర్మ జరుపుకొనుటకు 2000వ సంవత్సరమున గాని ఒప్పందము కుదరలేదు.

మన దేశమున రాతి ఉల్కలు పడిన దాఖలాలు విస్తారముగా ఉండగా, ఇనుపవి వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియే ఏల? వానలకు త్రుప్పుపట్టి పోవుట ఒక కారణము. రెండవది నా ఊహ: మనది ప్రాచీనకాలమునుండి ఇనుము కరగించిన దేశము. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కును డమాస్కసు కత్తులకై దూరదేశపు వర్తకులు కొనిపోయిరి. ఊరూర కమ్మరి, ఊరూర కొలిమి. అట్టి నేలలో రైతునకు దొరికిన ఇనుపముద్ద పండితునియొద్దకు పోవునా, కమ్మరియొద్దకు పోవునా? దక్షిణదేశమున దొరికి నిలిచినది 1898లో కొడైకెనాలు చెంత కనబడినది; అది పదునాఱు కిలోలకు కొంచెము తక్కువ. అట్లు ముద్దగా నిలువక నాగటికఱ్ఱులై అరిగిపోయినవి ఎన్నియో ఆలోచింపుడు.

ఇక నేడగొల్ల మాట. ఆంగ్లగ్రంథములు ఆ పల్లె పేరును ఇట్లే వ్రాయుచున్నవి. నాడు అది చెన్నరాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిది, పార్వతీపురమునకు చేరువ. 1870 జనవరి 23వ తేదీన అచ్చట పడిన ఇనుపముద్ద బరువు 4.6 కిలోలు, మన పాత తూకమున మూడు వీశలకు కొంచెము ఎక్కువ. పడుచుండగా చూచి ఏరిన ఆ యేబది ఇనుప ఉల్కలలో ఇది యొకటి. ఆనాటి పల్లెలో మూడు వీశల ఇనుమనగా నాలుగు నాగళ్ళ కఱ్ఱులకు చాలును. అయినను అది కొలిమికి పోలేదు. కదల్పక, కాల్పక, సర్కారువారి చేతికి అందినది. పరీక్షకై కోసిన ముక్కలు దేశదేశముల ప్రదర్శనశాలలకు పోయినవి.

పరీక్షించినవారికి అది మొదటినుండియు చిక్కుముడియే. నికెలు నూటికి సుమారు ఆఱు పాళ్ళున్నది, కనుక ఆకాశపుదే. కాని నేను చెప్పిన గళ్ళజాలము అందు లేదు. ఒకప్పుడు మరల కరిగి గట్టిపడిన గుఱుతులున్నవి. ఇనుప ఉల్కలను కూర్పునుబట్టి వర్గములుగా విభజించుదురు. ఇది ఏ వర్గమునకును చేరక ఒంటరిగా మిగిలినది. ఏ బీరువాలోనో చీటీ అంటించుకొని కూర్చున్నది.

శాస్త్రజ్ఞులు ఇటీవల కనుగొన్న విషయ మొకటి ఇచ్చట చెప్పవలెను. ఒకే ధాతువులోని పరమాణువులలో కొంచెము తేలికవి, కొంచెము బరువువి కలవు. సూర్యకుటుంబము పుట్టిన తొలినాళ్ళలో, అనగా సుమారు 456 కోట్ల సంవత్సరములకు పూర్వము, సూర్యుని చుట్టునున్న ధూళిచక్రమున రెండు మండలములుండెను. గురుగ్రహమో దాని చోటనున్న మఱియొక అడ్డమో ఆ రెంటిని వేఱుచేసినదని పలువురి మతము. లోపలి మండలమున పుట్టిన ఉల్కలలో ఆ పరమాణువుల పాళ్ళు ఒక తీరు, వెలుపలి మండలమున పుట్టినవానిలో మఱియొక తీరు. మనవారు గోత్రమడిగినట్లు, శాస్త్రజ్ఞులు ఏ ఉల్కను చూచినను ఆ పాళ్ళు కొలిచి నీది లోపలి గోత్రమా, వెలుపలి గోత్రమా అని అడుగుదురు. ప్రతిదియు ఏదో ఒక గోత్రము చెప్పినది.

2022లో జర్మనీ దేశపు పరిశోధకులు నేడగొల్ల ముక్కను తీసికొని, మోలిబ్డినము, రుథీనియము, నికెలు అను ధాతువుల పరమాణువులను కొలిచిరి. ఆ పాళ్ళు రెండు గోత్రములకు నడుమ నున్నవి. అట్టి ఉల్క లోకమున అదియే మొదటిది. మఱియొక కొలతచే, సూర్యకుటుంబము పుట్టిన డెబ్బదిలక్షల సంవత్సరముల తరువాతనే ఈ కలయిక జరిగినదనియు తేలినది. వేఱువేఱు మండలములలో పుట్టిన రెండు చిన్నగ్రహములు, ఒక్కొక్కటి తనకు ఇనుపగుండె ఏర్పడిన పిమ్మట, ఒకదానినొకటి గ్రుద్దుకొని పోగా ఆ గుండెల లోహములు కలిసి కరిగి నేడగొల్ల ఇనుము పుట్టియుండునని వారి నిర్ణయము. సులభముగా ఆవిరియగు ధాతువులు ఇందు మిక్కిలి కొఱవడియుండుటయు అట్టి గ్రుద్దులాటతో పొసగును. 1870లో ఇట్టి కొలత కొలుచు యంత్రము లోకమున లేదు. అట్టి ప్రశ్న వేయుట యెఱిగిన మనుష్యుడును లేడు.

తెలుగునాట పడి దొరికిన ఉల్కలు మఱికొన్ని కలవు, అవి రాతివి. 1814లో గుఱ్ఱంకొండలో పడినదానికి నేడు తులములలో చెప్పదగిన చిన్నముక్క మాత్రమే గుఱుతుగా మిగిలినది. 1852లో నెల్లూరు సీమలోని యాటూరులోను, 1934లో తిరుపతిలోను పడినవి. మనకు మిక్కిలి చేరువయైనది కోదాడకు తూర్పుగా నున్న విస్సన్నపేట. 1997 డిసెంబరు 13న పడిన ఆ రాయి 1.3 కిలోలు, వెస్టా అను చిన్నగ్రహపు పైపొరనుండి వచ్చినవని చెప్పు జాతికి చెందినది. పడిన రాతికి గుడి కట్టుటయు కలదు. బీహారులోని అంధరా గ్రామమున 1880లో పడిన ఉల్కకు అట్లే జరిగినది. పూజచేయువాడు పగులగొట్టడు, అమ్ముకొనడు. ఆ మేరకు పూజ మేలే. నూనెయు కుంకుమయు పూయుట మాత్రము పరీక్షకు చెఱుపు.

మన ప్రాంతపు చేలలో దొరకు నల్లరాళ్ళలో విస్తారము చిట్టెమే. పూర్వము ఇనుము కరగించినచోట మిగిలిన మడ్డి అది. వైద్యులు మండూరమని భస్మమునకు వాడునది. విఱిచి చూచినచో లోపల బుడగల తొఱ్ఱలుండును. ఇనుప ఉల్కకు తొఱ్ఱలుండవు. మన గ్రానైటు గుట్టలలో గోడవలె బాఱిన నల్లరాయి బరువుగనే తోచును గాని, అంతే పరిమాణముగల ఇనుము దానికి రెండింతలకు మించి తూగును. క్రొత్తగా పడిన ఉల్కపై కాగితమంత పలుచని నల్లపొర యుండును. ఇనుపదానిపై, మెత్తని బంకమట్టిముద్దను బొటనవ్రేలితో అక్కడక్కడ నొక్కినట్లు నొక్కులుండును. పెద్ద అయస్కాంతమును అంటింపకుడు. కొన్ని ఉల్కలలో పుట్టినచోటి అయస్కాంతబలము గుఱుతులు నిలిచియుండును. మన అయస్కాంతము తాకినంతనే అవి తుడిచిపెట్టుకొని పోవును. దిక్సూచిని దాపునకు తెచ్చి ముల్లు కదలుట చూచిన చాలును. తుదిపరీక్ష నికెలుదే, అది ప్రయోగశాలలో గాని తేలదు.

ఎప్పుడైనను మీ ఊరి పొలిమేరలో వెలుగుతో, ఉఱుముతో ఏదైన పడినచో కడుగకుడు, కాల్పకుడు, సుత్తితో ముక్క తీయకుడు. శుభ్రమైన పొడికాగితములో చుట్టి తడి తగులనిచోట నుంచుడు. గుంట లోతును వెడల్పును కొలుచుడు. ఏ దిక్కునుండి వచ్చినది, ఎన్ని చప్పుళ్ళు వినబడినవి, గంట యెంత, మొదట చూచినది ఎవరు అని అదేదినమున వ్రాసికొనుడు. మఱునాటికి ఊరిలో నాలుగు కథలు పుట్టును. వెంటనే తహసీలుదారు కచేరికి తెలుపుడు. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణశాఖ ఇట్టివానిని కోలుకొత్తాలో భద్రపఱచుచున్నది. ఆ శాఖవారి దక్షిణప్రాంతపు కార్యాలయము హైదరాబాదు బండ్లగూడలో కలదు. వారు దానికి పేరు పెట్టించునపుడు కనుగొన్నవాని పేరు గాని, పరీక్షించిన పండితుని పేరు గాని, రాజుపేరు గాని పెట్టరు; పడినచోటి పేరే పెట్టుదురు. 1865లో బీహారులోని శేర్‌ఘాటీలో పడిన రాయి కుజగ్రహమునుండి వచ్చినదని తరువాత తెలిసినది. ఆ జాతి రాళ్ళు ఏ ఖండమున దొరికినను నేడు ఆ ఊరిపేరుతోనే పిలువబడుచున్నవి.